‘ది డార్క్ నైట్’, అందులో జోకర్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిస్టోఫర్ నోలన్ తీసిన ఈ బ్యాట్‌మ్యాన్ సినిమా 2008 జూలైలో వచ్చింది. ఇప్పటికీ నలుగురు సినిమా పిచ్చోళ్లు ఒకచోట కూర్చుంటే మాట దాని మీదికి వెళ్తుంది. వెళ్లాక హీరోని పక్కన పెట్టేసి విలన్ జోకర్ (నటుడు హీత్ లెడ్జర్) గురించే మాట్లాడుకుంటారు. స్నేహితులు, ఆఫీసులో కుర్రాళ్లు, ఇంగ్లీషు సినిమాలు ఈమధ్యే మొదలుపెట్టిన చుట్టాలు నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. కథంతా బయటపెట్టేస్తున్నాను. చూడనివాళ్లు చూసొచ్చాకే చదవండి.

మొదటి భాగం చూడకుండా నేరుగా ఇది చూడొచ్చా?

నిక్షేపంగా చూడొచ్చు. 2005లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’లో బ్రూస్ వేన్ బ్యాట్‌మ్యాన్ ఎలా అయ్యాడో చెప్పారు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న కోటీశ్వరుడు రాత్రిళ్లు ముసుగు వేసుకుని నేరస్తుల్ని పడతాడు, అతని రహస్యం ఇంటి పెద్దదిక్కు ఆల్ఫ్రెడ్‌కి తెలుసు, పోలీసుల్లో గోర్డన్ అతని మనిషి. ఈ మాత్రం తెలిస్తే చాలు. బ్రూస్ చిన్ననాటి స్నేహితురాలు రేచల్ పాత్రకి మాత్రం మనిషి మారింది. మొదటి భాగంలో కేటీ హోమ్స్, ఇందులో మ్యాగీ జిలెన్‌హాల్. రెండూ వరుసగా చూసేవాళ్లు కాసేపు తికమక పడతారు.

సూపర్‌హీరో సినిమా అన్నారు, ఎగరడాలూ గిగరడాలూ ఏవీ?

ఇది ముసుగు మనిషి ఉన్న పోలీసు కథ. మాఫియా డబ్బు ఏ బ్యాంకుల్లో దాస్తోంది, దాన్ని లెక్కలతో ఎలా పట్టుకోవాలి, సాక్షిని కోర్టుదాకా ప్రాణాలతో ఎలా తీసుకెళ్లాలి, డిపార్ట్‌మెంట్‌లో ఎవరు అమ్ముడుపోయారు, సగం సినిమా ఈ గొడవలే. గోథమ్ నగరం కూడా సెట్టులా అనిపించదు. చాలా భాగం షికాగో వీధుల్లో తీశారు. లాసాల్ స్ట్రీట్‌లో పెద్ద ట్రక్కు ముందుకి పల్టీ కొట్టి నిటారుగా లేచి వెల్లకిలా పడుతుంది చూడండి, అది నిజం ట్రక్కే. అడుగున పిస్టన్ అమర్చి, నడిబజారులో తిరగేశారు.

బ్యాంకు దోపిడీ లాంటివి పగటి వెలుతురులో, సూటు వేసుకున్న ఆఫీసు జనం తిరిగే వీధిలో జరుగుతుంటే, ‘ఇదంతా కామిక్ పుస్తకం వ్యవహారంలే’ అని కుర్చీలో వెనక్కి వాలే వీలుండదు. చీకటి సినిమా అని పేరుపడినా చాలా ఘోరాలు పట్టపగలే జరుగుతాయి.

జోకర్‌కి ఇంత పేరు ఎందుకు? అంతకుముందు మంచి విలన్లు లేరా?

లేకేం, మనకే కావలసినంత మంది ఉన్నారు. 1975లో ‘ముత్యాల ముగ్గు’లో రావు గోపాలరావు కాంట్రాక్టర్‌ని చూస్తే చాలు, గొంతు పెంచకుండా భయపెట్టడం మనవాళ్లకి కొత్త కాదని తెలుస్తుంది. కానీ మన విలన్‌కి ఏదో ఒకటి కావాలి. పొలం కావాలి, పదవి కావాలి, పాత పగ తీరాలి. ఏమీ లేకపోతే హీరోయిన్ కావాలి. ఏం కావాలో తెలిస్తే బేరం ఆడొచ్చు, ఆశ పెట్టొచ్చు, కనీసం ఎక్కడ దెబ్బ కొట్టాలో తెలుస్తుంది.

జోకర్‌కి ఆ పిడి లేదు. మాఫియా దగ్గర సగం డబ్బు అడుగుతాడు. డబ్బు చేతికొచ్చాక కొండంత గుట్ట పోసి, దాని మీద వాళ్ల లెక్కల మనిషి లావ్‌ని కూర్చోబెట్టి నిప్పంటిస్తాడు. సినిమాలో మాఫియావాళ్లకి కూడా అక్కడే గుండె జారుతుంది. అప్పటిదాకా వాళ్లు అతన్ని తమలాంటి దొంగే, కాస్త పిచ్చి ఎక్కువ అనుకున్నారు. ఆల్ఫ్రెడ్ బర్మా అడవుల్లో ఒక బందిపోటు గురించి చెప్పే కథ అర్థం కూడా ఇదే. దోచిన కెంపుల్ని వాడు దాచుకోలేదు, అమ్ముకోలేదు. పారేశాడు.

ఇంకోటి, జోకర్‌కి పేరు లేదు. వేలిముద్రలు ఎక్కడా నమోదు కాలేదు, బట్టలకి లేబుల్ లేదు, జేబుల్లో కత్తులు తప్ప ఏమీ లేవు. గోర్డన్ ఆ జాబితా చదువుతుంటే పోలీసు స్టేషన్‌లో ఉన్నది మనిషేనా అనిపిస్తుంది.

నోటి పక్క మచ్చల గురించి చెప్పిన కథల్లో ఏది నిజం?

ఏదీ కాకపోవచ్చు. మాఫియా నాయకుడు గాంబోల్‌తో తాగుబోతు తండ్రి కోసేశాడంటాడు. పార్టీలో రేచల్‌తో, భార్య ముఖాన్ని అప్పులవాళ్లు చెక్కేస్తే ఆమెకోసం తనే కోసుకున్నానంటాడు. చివర్లో బ్యాట్‌మ్యాన్‌కి మూడో కథ మొదలుపెడతాడు గానీ బ్యాట్‌మ్యాన్ చెప్పనివ్వడు. ఎదురుగా మగవాడుంటే తండ్రి కథ, ఆడమనిషి ఉంటే భార్య కథ. ఎవరికి ఏది చెబితే కదలకుండా వింటారో చూసి చెప్తాడు.

విలన్‌కి ఫ్లాష్‌బ్యాక్ పడితే ప్రేక్షకుడు కాస్త కరుగుతాడని సినిమావాళ్లకి తెలుసు. మొదటి కథ విన్నప్పుడు మనమూ అయ్యో అనుకుంటాం. రెండోది వినగానే ఆ జాలి ఎంత చవగ్గా లాగేసుకున్నాడో తెలిసొస్తుంది. నా దృష్టిలో రచయితలు, నోలన్ అన్నదమ్ములు, చేసిన తెలివైన పని ఇదే.

తనకి ప్లాన్ ఏదీ లేదంటాడు. నిజమేనా?

పచ్చి అబద్ధం. ఈ ప్రశ్నకి కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే సినిమాని చాలామంది తప్పుగా పట్టుకునేది ఇక్కడే.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, సగం ముఖం కాలిన ప్రభుత్వ లాయరు, రేచల్‌ని పెళ్లాడాలనుకున్న హార్వీ డెంట్‌తో చెప్తాడు ఆ మాట. ప్లాన్లు వేసేది పోలీసులూ మాఫియావాళ్లూ, తను కార్ల వెంట పరిగెత్తే కుక్కలాంటివాణ్ణని. వినడానికి బాగుంటుంది. ఇప్పుడు అతను చేసిన పనులు చూడండి.

సినిమా మొదట్లో బ్యాంకు దోపిడీ. ముసుగుల్లో వచ్చిన ప్రతివాడికీ పని కాగానే పక్కవాణ్ణి చంపేయమని విడిగా చెప్పి ఉంటాడు. ఎవడి వంతు వచ్చేసరికి వాడు కాల్చేస్తుంటే వాటాదారులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. ఆఖర్న ఒక స్కూలు బస్సు వెనక్కి వచ్చి బ్యాంకు గోడ బద్దలు కొట్టుకుని లోపలికి దూరుతుంది. డబ్బు ఎక్కించుకుని బయటికి వెళ్లి, వీధిలో వరసగా పోతున్న స్కూలు బస్సుల మధ్య కలిసిపోతుంది. స్కూళ్లు వదిలే వేళ ముందే తెలియకపోతే ఇది అయ్యే పనేనా?

తర్వాత కావాలనే పట్టుబడతాడు, స్టేషన్‌లో ఉన్న లావ్ కోసం. అక్కడినుంచి బయటపడటానికి ఒక ఖైదీ కడుపులో బాంబు పెట్టి కుట్టి, ముందే లోపలికి పంపించి ఉంచుతాడు. అదే సమయానికి హార్వీని ఒకచోట, రేచల్‌ని ఇంకోచోట కట్టేసి పెట్టారు. ఆ తర్వాత వంతెనలు, సొరంగాలు వాడొద్దని ఊరిని హడలగొట్టి జనాన్ని పడవల మీదికి మళ్లిస్తాడు. చివరి భవనంలో బందీలకి జోకర్ ముసుగులు, తన మనుషులకి డాక్టర్ల బట్టలు వేయిస్తాడు, పోలీసులు తప్పుడు మనుషుల్ని కాల్చాలని. గోథమ్‌లో ఇంత పకడ్బందీగా పని చేసే అధికారి ఒక్కడూ కనిపించడు.

మరి ప్లాన్ లేదని ఎందుకన్నాడు? హార్వీ చేతికి తుపాకీ ఇవ్వబోతున్నాడు కాబట్టి. ఎవరో పథకం వేసి రేచల్‌ని చంపారని హార్వీ అనుకుంటే జోకర్‌నే కాలుస్తాడు. అంతా గుడ్డి అదృష్టం, దానికి కారకులు లేరు అని నమ్మితే కోపం మిగతా అందరి మీదికీ మళ్లుతుంది. తుపాకీ తన నుదుటికే ఆనించుకుని అంత పెద్ద జూదం ఆడాడు కదా అంటారా? ఆ షాట్ ఆపి చూసినవాళ్లు, తుపాకీ సుత్తికి జోకర్ వేలు అడ్డంగా ఉందని చూపిస్తుంటారు. అది లెక్కలోకి తీసుకోకపోయినా, మనిషిని పడగొట్టే మాట ముందుగా తయారుచేసుకుని వచ్చినవాణ్ణి ప్లాన్ లేనివాడని నేను ఒప్పుకోను.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. జోకర్ మాటలు వదిలేసి చేతలు చూడండి.

అయితే వాట్సాప్ స్టేటస్‌లో జోకర్ సూక్తులు పెట్టేవాళ్ల సంగతేంటి?

వాటిలో చాలా మటుకు సినిమాలో లేనే లేవు. మోసపోయిన ప్రేమ, వెన్నుపోటు పొడిచిన స్నేహితులు, మంచితనానికి విలువలేని లోకం, ఇలాంటివన్నీ ఎవరో రాసి పక్కన ఆ తెల్లరంగు ముఖం అతికిస్తారు. సినిమాలో ఆయన ప్రేమ గురించి బాధపడే రకం కాదు. బాధపడితే అది అబద్ధమని పైనే చెప్పుకున్నాం.

సినిమాలో నిజంగా ఉన్న మాటల్ని పెట్టేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. అవి ఎదుటివాణ్ణి లొంగదీయడానికి వాడిన మాటలు. వాటిని జీవితసత్యాలని పంచుకుంటే హార్వీలాగే మనమూ పడిపోయినట్టు.

అందరూ పొగిడే ఇంటరాగేషన్ సీన్‌లో అంత గొప్ప ఏముంది?

గది చీకట్లో మొదలవుతుంది. గోర్డన్ ఎదురుగా కూర్చుని మర్యాదగా అడుగుతాడు, లేచి వెళ్లిపోతాడు. ఠక్కున లైట్లు వెలుగుతాయి. జోకర్ వెనకే బ్యాట్‌మ్యాన్ నిలబడి ఉంటాడు, వచ్చీ రావడంతోనే జోకర్ తల బల్లకేసి కొడతాడు. ముందే తల మీద కొడితే ఆ తర్వాత దెబ్బలు సరిగా తెలియవని జోకర్ తప్పు దిద్దుతాడు! తెల్లటి ట్యూబు వెలుతురులో ముఖం మీద రంగు చెదిరి, చెమటకి కారి, కింద చర్మం కనిపిస్తుంటుంది. బ్యాట్‌మ్యాన్ వేషం కూడా ఆ వెలుగులో కొంచెం వెలవెలబోతుంది.

కాసేపటికి బ్యాట్‌మ్యాన్ కుర్చీ లాగి తలుపు పిడి కింద అడ్డంపెడతాడు. ఆ క్షణంనుంచి అతను పోలీసుల మనిషి కాదు. కొడతాడు, గోడకేసి విసురుతాడు, జోకర్ నవ్వుతూనే ఉంటాడు. అంత బలవంతుడి దగ్గర ఆ గదిలో పనికొచ్చే ఆయుధం ఏదీ లేదు. అడగక ముందే హార్వీ, రేచల్ ఉన్న చిరునామాలు చెప్పడానికి జోకర్ సిద్ధంగానే ఉన్నాడు. చెప్తాడు కూడా, తారుమారు చేసి. రేచల్ కోసం పరిగెత్తిన బ్యాట్‌మ్యాన్ హార్వీ ముందు తేలతాడు. హాల్లో చూస్తున్నప్పుడు నాకు కాలు వణికింది ఆ తలుపు తెరిచినప్పుడే.

రక్తం పెద్దగా చూపించరు, మరి అంత భయమెందుకు?

పెన్సిల్ సీన్ గుర్తు తెచ్చుకోండి. జోకర్ బల్ల మీద పెన్సిల్ నిలబెడతాడు. ఒక రౌడీ మీదికొస్తాడు. తల పట్టుకుని బల్లకేసి ఒక్క దెబ్బ. పెన్సిల్ మాయం. చుక్క రక్తం లేదు, గాయం లేదు, కత్తిరింపు అంత వేగంగా ఉంటుంది. కానీ ఎవర్ని అడిగినా కంట్లో దిగడం చూశామంటారు. అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో పెద్దల్ని హెచ్చరించే) సర్టిఫికెట్‌తో బయటపడిన సినిమా ఇది. చంపబోయే క్షణానికి కెమెరా పక్కకి తప్పుకుంటుంది, మిగతాది మన బుర్ర పూర్తిచేసుకుంటుంది.

మిగిలిన సగం భయం సంగీతం పెట్టింది. హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ కలిసి చేశారు. జోకర్ వస్తున్నప్పుడు వినిపించేది రాగం కూడా కాదు. తీగ మీద ఒకే స్వరం గీరుకుంటూ, సాగుతూ, బిగుసుకుంటూ పోతుంది. తెగుతుందేమో అనిపిస్తుంది, తెగదు. ఆ టెన్షన్ సీన్ అయిపోయాక కూడా చెవిలో ఉండిపోతుంది.

పిల్లలతో చూడొచ్చా?

పదమూడు, పద్నాలుగేళ్లు దాటినవాళ్లయితే సరే, పక్కన కూర్చుని చూడండి. చిన్నపిల్లలకి వద్దు. బ్యాట్‌మ్యాన్ బొమ్మతో ఆడుకునే వయసుకీ ఈ సినిమాకీ సంబంధం లేదు. చివర్లో గోర్డన్ కొడుకు తలకి తుపాకీ పెట్టే సీన్ పెద్దవాళ్లకే కష్టం. బ్రిటన్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లల్ని కూడా పెద్దలతో కలిసి రానిచ్చే సర్టిఫికెట్ ఇచ్చారని అక్కడి సెన్సారువాళ్లకి ఫిర్యాదులు కూడా వెళ్లాయి.

హీత్ లెడ్జర్ ఈ పాత్ర వల్లే చనిపోయాడంటారు. నిజమా?

కాదు. 2008 జనవరి 22న, సినిమా విడుదలకి దాదాపు ఆరు నెలల ముందు, న్యూయార్క్‌లో చనిపోయాడు. వయసు 28. డాక్టర్లు రాసే రకరకాల మందులు ఒంట్లో కలిసి ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని అధికారులు తేల్చారు. అప్పటికి ‘ది డార్క్ నైట్’ షూటింగ్ అయిపోయి, ఇంకో సినిమాలో నటిస్తున్నాడు.

పాత్ర కోసం హోటల్ గదిలో ఒంటరిగా వారాల తరబడి ఉండి, గొంతూ నవ్వూ సాధన చేసి, ఒక డైరీ రాసుకున్నది నిజమే. దాన్నీ దీన్నీ ముడిపెట్టి పిచ్చి పట్టిందన్న కథ అల్లేశారు. సెట్‌లో సరదాగా ఉండేవాడని, ఈ పాత్రని ఎంతో ఇష్టపడి చేశాడని తోటినటులూ కుటుంబమూ చెప్పారు. జోకర్ పంపే బందీ వీడియోలున్నాయి కదా, వాటిని చిత్రీకరించే పని నోలన్ అతనికే అప్పగించాడట. పని మీద అంత పట్టున్న నటుణ్ణి, ఏదో పూనకం వచ్చి చేశాడన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు.

చనిపోయాడన్న జాలితోనే ఆస్కార్ ఇచ్చారా?

2009 ఫిబ్రవరిలో ఉత్తమ సహాయనటుడి ఆస్కార్ అతని తల్లిదండ్రులు, సోదరి అందుకున్నారు. మరణం తర్వాత నటనకి ఆస్కార్ రావడం అంతకుముందు ఒక్కసారే జరిగింది, పీటర్ ఫించ్‌కి. జాలి అసలు లేదని ఎలా అంటాం? కానీ సౌండ్ ఆపి చూడండి. పెదాలు తడుపుకోవడం, తల వంచి కిందనుంచి చూడటం, భుజాలు వంచుకుని నడిచే నడక. ఇంతకుముందు సినిమాల్లో కనిపించిన అందగాడు మచ్చుకైనా కనపడడు. బతికున్నా వచ్చేదని నా నమ్మకం.

ఆసుపత్రి పేలుడు మధ్యలో ఆగిపోతే అప్పటికప్పుడు నటించేశాడంటారు?

నర్సు వేషంలో బయటికి నడుస్తూ, పేలుళ్లు ఆగిపోతే చేతిలో రిమోట్‌ని చిరాగ్గా నొక్కుతాడు. అది ముందే అనుకున్న విరామం. షికాగోలో మూతబడ్డ ఒక మిఠాయి ఫ్యాక్టరీ భవనాన్ని నిజంగా కూల్చారు. అలాంటిచోట రెండో టేక్ ఉండదు, నటుడు క్షేమంగా దూరం వెళ్లాలి, కాబట్టి ప్రతి అడుగూ లెక్కే.

పార్టీలో రేచల్‌ని కిటికీలోంచి తోసేశాక బ్యాట్‌మ్యాన్ కూడా దూకేస్తాడు. పైన జోకర్ చేతిలో ఉన్న అతిథుల గతేంటి?

సినిమా చెప్పదు. పెద్ద బొక్క. ఫ్యాన్స్ ఎన్ని వివరణలిచ్చినా బొక్క బొక్కే.

రెండు పడవల్లో ఎవరూ బటన్ నొక్కరు. మరీ అమాయకంగా లేదూ?

ఒక పడవలో మామూలు జనం, ఇంకోదాంట్లో ఖైదీలు. ఒకరి పడవని పేల్చే రిమోట్ ఇంకొకరి దగ్గర. అర్ధరాత్రిలోగా ఎవరో ఒకరు నొక్కకపోతే రెండూ పేలతాయి. మామూలు జనం ఓటింగ్ పెడతారు, నొక్కాలనే ఎక్కువమంది ఓటేస్తారు! అది గమనించకుండా ‘మనుషులు మంచివాళ్లు’ అని చూపించారనుకుంటే ఎలా? చీటీ మీద రాయడానికి వెనకాడని చేతులు, రిమోట్ పెట్టె ముందుకి వచ్చేసరికి ఆడవు. ఒకాయన లేచి నేను నొక్కుతానని రిమోట్ పట్టుకుని, కాసేపు చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేసి వచ్చి కూర్చుంటాడు. మంచితనమో పిరికితనమో సినిమా తేల్చదు. నాకు ఆ అనుమానమే నచ్చింది. అవతలి పడవలో భారీ ఖైదీ రిమోట్ తీసుకుని కిటికీలోంచి విసిరేసే సీన్‌కి హాల్లో చప్పట్లు పడ్డాయి గానీ, నన్ను అడిగితే తిరిగొచ్చి కూర్చున్న ఆ పెద్దమనిషి సీనే గొప్పది.

అంటే జోకర్ ఓడిపోయినట్టేనా?

పడవల దగ్గర ఓడిపోయాడు, హార్వీ దగ్గర గెలిచాడు. ఊరంతా నమ్ముకున్న నిజాయితీపరుడైన లాయరు, బొమ్మాబొరుసూ వేసి మనుషుల్ని చంపేవాడయ్యాడు. హార్వీ నాణేన్ని మర్చిపోవద్దు. మొదట్లో దానికి రెండువైపులా బొమ్మే ఉండేది, అంటే అదృష్టం అంటూ ఎప్పుడూ దొంగాట ఆడేవాడు. రేచల్ చనిపోయిన మంటల్లో ఒకవైపు మాడిపోయాకే అది నిజం నాణెమైంది. ఆరన్ ఎక్‌హార్ట్ ఈ పాత్రని బాగా చేశాడు, లెడ్జర్ నీడలో పడి ఎవరూ చెప్పుకోరు.

హార్వీ చేసిన హత్యల్ని బ్యాట్‌మ్యాన్ తన మీద వేసుకుంటాడు. గోర్డన్ ఒప్పుకుంటాడు. ఊరికి నిజం చెబితే తట్టుకోలేదని ఇద్దరు మంచివాళ్లు కలిసి నిర్ణయించేశారు. నేనైతే జోకర్‌కి సగానికి పైనే మార్కులు వేస్తాను.

ఊళ్లో ఫోన్లన్నీ వినే ఆ మెషిన్ వ్యవహారం నాకు అర్థం కాలేదు.

జోకర్‌ని పట్టుకోవడానికి బ్యాట్‌మ్యాన్ ఊరందరి ఫోన్లనీ కళ్లూ చెవులుగా మార్చేస్తాడు. బ్రూస్ కంపెనీ నడిపే లూషియస్ ఫాక్స్ అది తప్పంటాడు, ఈ ఒక్కసారికి చేసి రాజీనామా చేస్తానంటాడు. పని అయ్యాక ఫాక్స్ తన పేరు టైప్ చేయగానే మెషిన్ కాలిపోతుంది. 2001 దాడుల తర్వాత అమెరికాలో ప్రభుత్వ నిఘా మీద జరిగిన గొడవ దీని వెనక ఉంది. ఆల్ఫ్రెడ్‌ని ఆ బందిపోటుని చివరికి ఎలా పట్టుకున్నారని అడిగితే, అడవి మొత్తం తగలబెట్టామంటాడు. ఆ జవాబుకీ ఈ మెషిన్‌కీ లంకె ఉంది. నిజజీవితంలో ఇలాంటి మెషిన్లు పని కాగానే కాలిపోతాయా అన్నది మాత్రం నోలన్ దాటేశాడు.

బ్యాట్‌మ్యాన్ గొంతు అలా ఎందుకు?

గుర్తుపట్టకుండా. కాస్త ఎక్కువైంది, ఒప్పుకుంటాను.

ఎక్కడ చూస్తే బాగుంటుంది?

ఎంత పెద్ద తెర దొరికితే అంత. బ్యాంకు దోపిడీ, ట్రక్కు ఛేజ్ లాంటి కొన్ని ఘట్టాలు ఐమ్యాక్స్ కెమెరాలతో తీశారు. పెద్ద కథాచిత్రాల్లో ఆ పని చేసిన మొదటి సినిమా ఇదే. ఆ సీన్లలో బొమ్మ పైకీ కిందికీ విస్తరిస్తుంది. 2003లో తెరిచిన ప్రసాద్స్‌లో అప్పట్లో ఐమ్యాక్స్ తెర ఉండేది కాబట్టి, ఆ సైజులో బొమ్మ చూడటం అంటే ఏంటో హైదరాబాద్ జనానికి చెప్పక్కర్లేదు. ఇంట్లో అయితే లైట్లు ఆర్పి, ఫోను పక్క గదిలో పెట్టండి. రెండున్నర గంటలు ఏకబిగిన చూడండి. మన హాళ్లలో ఇంగ్లీషు సినిమాకి కూడా పాప్‌కార్న్ కోసం ఇంటర్వెల్ పెడతారు, ఈ సినిమాని అది చాలా చెడగొడుతుంది.

2012లో వచ్చిన మూడో భాగంలో జోకర్ ఎందుకు లేడు? కనీసం పేరైనా ఎత్తరేం?

లెడ్జర్ పోయాక ఆ పాత్రని ఇంకొకరితో వేయించడం గానీ, మాటల్లో ఎక్కడున్నాడో చెప్పించడం గానీ నోలన్‌కి ఇష్టంలేకపోయింది. ‘ది డార్క్ నైట్ రైజెస్’ కథని ఎనిమిదేళ్ల తర్వాత మొదలుపెట్టి, హార్వీ గురించి చెప్పిన అబద్ధం మీదే నడిపించాడు. జోకర్ పేరు లేకపోయినా అతను చేసిపోయిన పనే ఆ కథకి పునాది. 2019లో వాకీన్ ఫీనిక్స్ చేసిన జోకర్ దీనికి కొనసాగింపు కాదు, వేరే లోకం. అందులో జోకర్‌కి కావలసినంత ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. రెండూ ఒకే రాత్రి చూడకండి, ఒకదాని రుచి ఇంకోదానికి అడ్డమొస్తుంది.